దీపం ఎవరి మాట వినాలి?



మా ఏటూరునాగారంలో గాలివాన వస్తే కరెంటు పోవడం, ఇంటర్నెట్టు పోవడం మామూలే. కిందటేడు నేనొక స్మార్టు బల్బు కొన్నాను. ఒక రాత్రి కరెంటు ఉంది, ఇంట్లో వైఫై పెట్టె పనిచేస్తూనే ఉంది, బయటి ఇంటర్నెట్టు మాత్రం లేదు. మంచం మీదనుంచి ఫోను నొక్కితే బల్బు ఉలకలేదు, పలకలేదు. మరొక రాత్రి రెండు గంటలకు పోయిన కరెంటు రాగానే అదే బల్బు తనంతట తాను వెలిగి ఇంటిల్లిపాదినీ లేపింది!

నా ఫోనుకూ బల్బుకూ మధ్య దూరం ఆరడుగులే. కాని నా ఆజ్ఞ ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు వెళ్లి, అక్కడినుంచి తిరిగి బల్బును చేరాలి. అలా చేయమని చెప్పేది బల్బులోని చిన్న చిప్పులో రాసి ఉన్న ప్రోగ్రాము. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ సర్వర్లు హఠాత్తుగా ఆగిపోయాయి. బల్బులు మాడిపోలేదు, తీగలు తెగలేదు. అయినా ఫోనుతో దీపాలు వేసుకునేవారి ఆజ్ఞలు గాలిలో కలిసిపోయాయి.

డబ్బిచ్చి కొన్న దీపం మన మాట వినాలని నా అభిప్రాయం. వినకపోతే దానిలోని ప్రోగ్రామును మార్చుకోవడం తప్పు కాదు.

నా బల్బులో ఉన్నది ఈఎస్‌పీ8266 అనే చిప్పు. నెదర్లాండ్స్‌కు చెందిన థియో అరెండ్స్ మొదలుపెట్టిన టాస్మోటా అనే ప్రోగ్రాము దీనికి సరిపోతుంది. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, చదవవచ్చు, మార్చవచ్చు. చిప్పుకు 3.3 వోల్టులు ఇచ్చేటప్పుడు జీపీఐఓ0 అనే కాలును గ్రౌండుకు కలిపి ఉంచితే, అది పాత ప్రోగ్రామును నడపక కొత్తదానికోసం ఎదురుచూస్తుంది. అప్పుడు కంప్యూటరునుంచి తీగల ద్వారా కొత్తది ఎక్కించాలి. ముందుగా పాతదాని నకలు తీసి దాచుకోవాలి. తొందరలో ఆ పని మరచి నేను ఒక బల్బును పోగొట్టుకున్నాను లెండి. రెండోది కుదిరింది. ఇప్పుడు ఆజ్ఞ నా ఇంటి గడప దాటదు. కరెంటు తిరిగి వచ్చినా ఆర్పిన దీపం ఆరిపోయే ఉంటుంది.

అయితే మీరు మాత్రం బల్బు విప్పకండి. చాలా బల్బుల్లో చిప్పు ఉన్న భాగానికీ 230 వోల్టుల కరెంటుకూ మధ్య రక్షణ ఉండదు. హోల్డరులో ఉన్న బల్బుకు కంప్యూటరు తీగ కలిపితే ప్రాణాలకే ముప్పు. అదే చిప్పున్న విడి బోర్డు దొరుకుతుంది. కంప్యూటరు యూఎస్‌బీ తీగతోనే నడుస్తుంది. దానిమీద నేర్చుకోండి.

గ్యారంటీ పోతుంది కదా అంటారు మా తోటి ఉపాధ్యాయులు. పోతుంది, నిజమే. అసలు ఇంటర్నెట్టు లేకున్నా పనిచేసే బల్బునే అమ్మితే ఈ బెడద ఎవరికీ ఉండదు. అలాంటివి ఉన్నాయి కూడా. మీ ఇంట్లో కొనేటప్పుడు దుకాణదారును ఈ ఒక్క ప్రశ్న తప్పక అడగండి.

మొన్న మా పదో తరగతి పిల్లలు విడి బోర్డుకు ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక రెసిస్టరు కలిపి టాస్మోటా ఎక్కించారు. ఫోను నొక్కితే వెలిగింది. ఒకమ్మాయి వైఫై పెట్టెకు వచ్చే ఇంటర్నెట్టు తీగ పీకేసి, మళ్లీ నొక్కి చూసింది. అప్పుడూ వెలిగింది.