పేరంటాలు కథ ఎవరు రాస్తారు?

"మనకిలాంటి కథలు లేవు కదండీ, అందుకే పిల్లలు కొరియా వెంట పడుతున్నారు." మొన్న వట్లూరు స్టేషన్‌లో ప్యాసింజరు కోసం నిలబడి ఉంటే ఒక పెద్దమనిషి అన్న మాట ఇది. పక్కన ఆయన కూతురు ఫోన్‌లో 'కెపాప్ డీమన్ హంటర్స్' చూస్తోంది. ఏడో తరగతి ఉంటుందేమో. ఆ నల్లటోపీల వాళ్లెవరమ్మా అని అడిగాను. చచ్చిపోయినవాళ్లను తీసుకుపోయే యమభటుల్లాంటి వాళ్లనీ, కొరియాలో జొసుంగ్ సాజా అంటారనీ గడగడా చెప్పేసింది. ఆ పిల్లను చూస్తే ముచ్చటేసింది. తండ్రి మాటే వారం నుంచీ మనసులో ములుకులా గుచ్చుకుంటోంది.

కథలు లేవా? కొల్లేటి పక్కన పుట్టి పెరిగినవాళ్లు అనాల్సిన మాటేనా అది?

కొరియావాళ్ల దొక్కేబి అనే దెయ్యాన్నే చూడండి. వాడి పారేసిన చీపురుకట్టలోంచి, అరిగిపోయిన రోకలిలోంచి పుట్టుకొస్తుందట. రాత్రిపూట దారినపోయేవాణ్ని ఆపి కుస్తీకి రమ్మంటుందట. చీకట్లో దూరాన కదిలే నీలిమంట దానిదేనట. మన లంక ఊళ్లలో ముసలివాళ్ల దగ్గర కూర్చుని కొరివిదెయ్యం సంగతి అడగండి. రాత్రిళ్లు వలల కాపలాకు పోయినవాళ్లు చూసిన మంటల గురించి తెల్లవార్లూ చెబుతారు. దొక్కేబి మీద వాళ్లు 2016లో తీసిన సీరియల్‌ను దేశదేశాల్లో చూశారు. మన కొరివిదెయ్యం మాత్రం చెప్పే ముసలమ్మతో పాటే కాటికి పోతోంది.

ఇంతకన్నా పెద్ద కథ ఉంది. సిమ్ చోంగ్ అని కొరియాలో ఒక గుడ్డితండ్రి కూతురు. తండ్రికి చూపు రావాలంటే గుడికి 300 బస్తాల బియ్యం ఇవ్వాలన్నారు. ఆ బియ్యం కోసం ఆ పిల్ల ఓడవాళ్లకు అమ్ముడుపోయి, సముద్రానికి బలిగా నీళ్లలోకి దూకింది. సముద్రపు రాజు కనికరించి తామరపువ్వులో పెట్టి తిరిగి పంపాడు. రాణి అయింది, తండ్రికి కళ్లొచ్చాయి.

మనకూ నీళ్లకు బలైన ఆడపిల్ల ఉంది. కొల్లేటికోటలో గజపతుల కోట. చుట్టూ నీళ్లు, శత్రువుకు దారి లేదు. సరస్సు నీటిని సముద్రంలోకి దించేస్తే కోట చిక్కుతుందని శత్రువులు ఉప్పుటేరు కాలువ తవ్వారట. ఆ పోరులో గెలుపు కోసం సేనాని తన కన్నకూతుర్నే బలిచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరొచ్చిందనీ చెప్పుకుంటారు. ఉప్పుటేరు వంతెన మీదుగా రోజూ తిరిగే వాళ్లలో ఎందరికి తెలుసీ సంగతి? కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవల్లో, లారీల్లో వచ్చే జనంలో ఎందరు తమ పిల్లలకు చెబుతున్నారు?

సిమ్ చోంగ్ కథ బతికింది పాన్సోరి పాటలో. ఒకరు పాడతారు, ఒకరు డోలు వాయిస్తారు, గంటల తరబడి సాగుతుంది. మన బుర్రకథ విన్నవాళ్లకు ఆ కళ కొత్తగా ఉండదు. 1964లోనే కొరియా ప్రభుత్వం పాన్సోరిని జాతి సంపదగా ప్రకటించింది. గొప్ప గాయకులకు నెలనెలా భృతి ఇచ్చి, శిష్యులను తయారుచేసే బాధ్యత అప్పగించింది. 2003లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. ఇవాళ్టి సినిమాల కింద ఉన్న పునాది అదే. మన దగ్గర కథ చెప్పేవాడు ప్రభుత్వ పథకాల ప్రచారానికి తప్ప గుర్తుకు రాడు.

మన కథలను రాసిపెట్టే పని ఎవరిదంటే, నా మటుకు గ్రంథాలయానిదే. ఈ శీర్షికలో ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా నాకు విసుగు లేదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. కరెంటు లేని రోజుల్లో అంత పని జరిగింది. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సుంకం. ఆ సొమ్ము జనం దగ్గర వసూలవుతుంది గానీ, గ్రంథాలయ సంస్థలకు జమ కాకుండా బకాయి పడుతోందని ఏళ్ల తరబడి వింటున్నాం. పుస్తకం కోసం కట్టిన డబ్బును రోడ్డుకో, జీతాలకో మళ్లించడం అన్యాయం. ఊళ్లో లైబ్రరీ తలుపు సాయంత్రం రెండు గంటలు తెరిచి, పాత దినపత్రికలు నాలుగు పరిస్తే చదువుకునే పిల్ల ఎందుకొస్తుంది?

కొల్లేరును 1999లో అభయారణ్యం అన్నాం. పక్షుల లెక్క ఉంది, చెరువుల లెక్క ఉంది, అభయారణ్యం హద్దు గీసే కాంటూర్ల మీద కోర్టు కేసులున్నాయి. ఆ నీటి చుట్టూ అల్లుకున్న కథల లెక్క ఒక్క ఆఫీసులోనూ లేదు. సరస్సు ఎండితే వానలొచ్చాక మళ్లీ నిండుతుంది. కథ చెప్పే మనిషి పోతే కథ తిరిగి రాదు.

వచ్చే ఫాల్గుణంలో కొల్లేటికోట జాతరలోపు చేయదగ్గ పని ఒకటుంది. ఈ ప్రాంతపు హైస్కూళ్ల తెలుగు మాస్టార్లు తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక్క పని ఇవ్వాలి: ఇంట్లో అమ్మమ్మ చెప్పిన కథ, ఆమె మాటల్లోనే, నోటుబుక్కులో రాసుకురమ్మనాలి. వాటిని ఏరి జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకంగా వేయాలి. డబ్బు లేదంటే ఒప్పుకోవద్దు. రూపాయికి 8 పైసల చొప్పున మనం కడుతూనే ఉన్నాం. పంచాయతీలో, మున్సిపాలిటీలో ఆ సుంకం జమాఖర్చు అడగండి, కాగితం మీద అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి.

— వట్లూరు వాసి