రాట్నం దగ్గర ఖాళీ అయిన చోటు

సాకేతమన్నది అయోధ్యకు పాత పేరు. ఢిల్లీ దక్షిణ భాగంలోని సాకేత్‌కు మాత్రం పేరు తప్ప ఆ పురాణవైభవంతో సంబంధం లేదు. పెద్ద అంగళ్ళూ, సినిమా హాళ్ళూ, న్యాయస్థానాలూ అక్కడి నేటి సంపద. అక్కడికి కొద్ది దూరంలో అంధేరియా మోడ్ వద్ద, 1981లో ఏర్పడిన దస్త్‌కార్ సంస్థ చేతిపనుల సంతలు నడుపుతున్నది. సాకేత్ గృహిణులు అక్కడ పోచంపల్లి చీరను తడిమి చూస్తారు, ధర అడుగుతారు. దయగలవారు నేసినవాని క్షేమం కూడా అడుగుతారు. ఆ నేతగాడు మరణించాడని తెలిస్తే, పిల్లల చదువుకు ఎంత పంపమంటారని అడిగే సహృదయులూ లేకపోలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే చీర ఎందరి పనో ముందు తెలియాలి. పేరు మగ్గం మీద కూర్చున్నవానిది. కండెలు చుట్టేది ఇల్లాలు, ఆసు పోసేదీ తరచుగా ఆమే. అర్ధచంద్రాకారంగా మేకులు అమర్చిన ఆసు మీద ఒక్క చీరకు సరిపడే నూలు తిప్పడానికి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. నాలుగైదు గంటల పని. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం చిన్నతనంలోనే బడి మాని నేతలో దిగారు. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. పదవి, పట్టా ఏవీ లేని ఒక నేతగాడు తల్లి శ్రమను కొలిచి చూసిన తీరు, చేనేతను గురించి వెలువడిన పెద్ద నివేదికలకు తీసిపోదు.

యజమాని పోయిన ఇంట్లో ఏమి జరుగుతుంది? మగ్గం మీద పడుగు సగం నేసి ఉంటుంది. నూలు ఇచ్చిన ఆసామి బాకీ ఉంటుంది. నేత తెలిసిన భార్య అయితే కర్మకాండ ముగియగానే మగ్గం గుంటలో దిగుతుంది. అప్పుడు రాట్నం దగ్గర ఆమె చోటు ఖాళీ అవుతుంది. ఆ చోటులోకి వచ్చేది ఇంటి పెద్ద బిడ్డ. బడి మానమని ఎవరూ ఆజ్ఞాపించరు. చీర అప్పగించవలసిన వారంలో రెండు రోజులు పోవు, ఆ తరువాత నాలుగు రోజులు. ఆపైన హాజరుపట్టీలో పేరు ఉండదు.

ప్రభుత్వ సహాయం లేదనరాదు. కేంద్రప్రభుత్వపు మహాత్మాగాంధీ బునకర్ బీమా కింద సహజ మరణానికి 60,000 రూపాయలు ఇచ్చేవారు. 2017లో దానిని ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాతో కలిపి, 50 ఏళ్ళ లోపువారికి 2 లక్షలు చేశారు. తెలంగాణ ప్రభుత్వం 2022 ఆగస్టు 7న ప్రారంభించిన నేతన్న బీమాలో ఆ మొత్తం 5 లక్షలు. మంచిదే. అయితే ఆ సొమ్ములో మొదటి వాటా ఆసుపత్రి అప్పుకూ ఆసామి బాకీకీ పోవడం సాధారణం. పిల్లల చదువుకని బునకర్ బీమాతోపాటు ఏర్పరచిన సహాయం బిడ్డకు మూడు నెలలకు 300 రూపాయలు, అదీ 9 నుంచి 12వ తరగతి వరకు. తండ్రి పోయేనాటికి ఆరో తరగతిలో ఉన్న బిడ్డ తొమ్మిదికి చేరవలసిన దారి మాటేమిటి?

మరొక చిక్కు గుర్తింపు కార్డుది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35.22 లక్షలు, అందులో 25 లక్షలకు పైగా స్త్రీలే. ఈశాన్య రాష్ట్రాల నేతగత్తెల వల్ల ఈ సంఖ్య పెరిగిన మాట నిజం. కాని తెలుగునాట కూడా కండెలు చుట్టేవారు పనివారే, నిబంధనల్లోనూ అనుబంధ కార్మికులకు చోటున్నది. భార్య పేరు వేరుగా నమోదు కాని ఇంట్లో, భర్త మరణంతో ఆమె పనిమనిషిగా కాక కేవలం వారసురాలిగానే కాగితాలకెక్కుతుంది. భర్త బ్రతికుండగానే ఆమె పేర కార్డు ఉండటం ఖర్చులేని బీమా.

సాకేత్ దాతకు ఈ లెక్క కొత్తగా తోచవచ్చు. ప్రభుత్వ బడిలో ఫీజు పెద్ద అడ్డంకి కాదు, అడ్డంకి రాట్నం. కండెలు చుట్టడానికి ఒక మనిషిని పెట్టుకోగల కూలి ఆ ఇంటికి నెలనెలా చేరితే బిడ్డ బడికి పోతుంది. పలకా పుస్తకాలు కొనిపెట్టి రాట్నం మాట మరిస్తే, ఆ పుస్తకాలు చూరులోనే ఉంటాయి. ఒకసారి పంపే పెద్ద మొత్తం కన్న, ఏడాది పొడుగునా ఆమె పేర వచ్చే చీరల గిరాకీ, దానితోపాటు కొంత ముందు సొమ్ము ఆ ఇంటిని నిలబెడతాయి. నూలుకు చేతిలో డబ్బున్న మనిషి ఆసామితో మజూరీ బేరం ఆడగలదు. ఉజ్రమ్మ పూనికతో 1995లో ఏర్పడిన దస్త్‌కార్ ఆంధ్ర తెలుగు నేతగాళ్ళ సహకార సంఘాలకు బజారు వెతికిపెట్టే పనికే పూనుకున్నది.

ఇప్పటికే బడి తప్పిన బిడ్డకు సార్వత్రిక పాఠశాల ఉన్నది. నేత కుటుంబాల్లోని స్త్రీలకూ, షెడ్యూల్డు కులాలు, తెగలవారికీ, పేదలకూ అక్కడి ఫీజులో 75 శాతం కేంద్ర జౌళి శాఖ భరించే ఏర్పాటు జరిగింది. దరఖాస్తులో వయసు చూసుకుంటే, తల్లి కూడా అందుకు అర్హురాలే.