అతిమానవుడూ, అమీర్‌పేట ప్రేక్షకుడూ

సూపర్ హీరో కథలను గురించి మనలో రెండు వాదాలు ప్రచారంలో ఉన్నాయి. మొదటిది సినిమా వ్యాపారుల వాదం. జనానికి కావలసింది బలం. కొండనెత్తేవాడూ, ఆకాశాన ఎగిరేవాడూ, చెవులు దద్దరిల్లే చప్పుడూ ఉంటే చాలు, కథ ఎలా తగలడినా జనం వస్తారని వారంటారు. రెండవది మన మిత్రులలోనే కొందరి వాదం. ఇవి మత్తుమందులు, ఎవడో అవతారపురుషుడు వచ్చి ఉద్ధరిస్తాడని నమ్మించి, జనానికి తమ శక్తి మీద తమకే విశ్వాసం లేకుండా చేసే కథలు, వీటిని గురించి విమర్శకుడు కలం పట్టటమే దండుగ అని వీరంటారు. పైకి చూస్తే ఈ రెండు వాదాలూ బద్ధశత్రువులు. కాని అడుగున రెంటికీ పునాది ఒకటే. ప్రేక్షకుడు బలాన్ని చూసి చప్పట్లు కొడుతున్నాడని ఇద్దరూ నమ్ముతున్నారు. అందుకు వ్యాపారి సంతోషిస్తున్నాడు, మన మిత్రుడు విచారిస్తున్నాడు. అంతే తేడా.

ఆ పునాదే తప్పని నా వాదన. ఈ కథలలో జనాన్ని రంజింపజేసేది బలం కాదు. బలహీనుడైన మనిషికీ, అతనికి చిక్కిన బలానికీ మధ్య జరిగే పెనుగులాట. ఆ పెనుగులాట లేని చోట ఎంత బలం కుమ్మరించినా ప్రేక్షకుడు ఆవలించటం తప్ప మరేమీ చేయడు.

నిదర్శనం కోసం దూరం పోనక్కరలేదు. అమీర్‌పేటలో పాత సత్యం థియేటర్ ఉండిన చోట కట్టిన ఏఏఏ సినిమాస్ 2023 జూన్‌లో తలుపులు తెరిచింది. తొలి చిత్రం "ఆదిపురుష్". వందల కోట్ల ఖర్చు, పెద్ద తార, తెర నిండా కంప్యూటర్ బొమ్మలు. ప్రతి థియేటర్‌లోనూ ఒక సీటు హనుమంతుడి కోసం ఖాళీగా ఉంచుతామని నిర్మాతలు ముందే ప్రకటించారు. దేవుడికి సీటు దొరికింది గాని, మనిషికి ఆ కథలో చోటు దొరకలేదు. జనం ఆ బొమ్మలను ఎగతాళి చేశారు; కొన్ని సంభాషణలపై వచ్చిన నిరసనకు తలవొగ్గి, చిత్రం విడుదలైన తర్వాత వాటిని మార్చవలసి వచ్చింది.

ఏడు నెలలు తిరగకుండానే, 2024 జనవరి 12న, ప్రశాంత్ వర్మ తీసిన "హను-మాన్" వచ్చింది. అదే రోజున మహేష్ బాబు "గుంటూరు కారం" కూడా విడుదల కావటంతో తెలుగుదేశంలో దానికి థియేటర్లు దొరకటమే గగనమైంది. మొదటి చిత్రంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కథానాయకుడు తేజ సజ్జా చిన్న హీరో. అయినా జనం వెతుక్కుంటూ పోయి మరీ చూశారు. బలమే వినోదమైతే ఈ ఫలితం తలకిందులు కావాలి గదా! ఎందుకు కాలేదు?

"హను-మాన్"లో హనుమంతు అంజనాద్రి అనే పల్లెలో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రవాడు. అక్క చేత చీవాట్లు తింటాడు. ఊరి పాలెగాడి ముందు నోరెత్తలేనివాడు. అతనికి దొరికిన మణి సూర్యకాంతి ఉన్నంతసేపే పని చేస్తుంది. పొద్దు వాలితే మళ్ళీ పాత హనుమంతే. ఈ ఒక్క నిబంధనలో ఉన్న వినోదం వంద పోరాటాలలో లేదు. పగలు కొట్టినవాడు రాత్రి దొరికిపోతే గతేమిటి? ప్రేక్షకుడు ముందుకు వంగేది అక్కడ. ఇక ఆ చిత్రంలో ప్రతినాయకుడు మైకేల్ ఎవడు? చిన్ననాటి నుంచీ సూపర్ హీరో కావాలన్న పిచ్చితో కన్నవారినే చంపినవాడు. కేవల బలాన్ని ఆరాధించేవాణ్ణి ఈ కథ రాక్షసుడిగా నిలబెట్టింది. మన మిత్రులు చిత్రం చూడకుండానే ఖండించారు గనుక ఈ సంగతి వారి దృష్టికి రాలేదు.

ఇది మనకు కొత్త విద్య కాదు. 1951లో కె.వి. రెడ్డి తీసిన "పాతాళ భైరవి"ని తీసుకోండి. తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమారి కావాలంటే ఐశ్వర్యం సంపాదించుకు రమ్మన్నాడు రాజు. కోరిందల్లా ఇచ్చే ప్రతిమ రాముడి చేతికి వచ్చింది. కథ అక్కడే ముగిస్తే అది లాటరీ తగిలినవాడి కథ అయ్యేది. మనకు అసూయే మిగిలేది. ముగియలేదు. ప్రతిమ పోయింది, దానితో పాటు మేడా పోయింది, రాజకుమారీ పోయింది. ఉత్త చేతులతో మిగిలిన రాముడి పక్కన అంజిగాడు ఉన్నాడు. నేపాళ మాంత్రికుడి మహిమ అతని గడ్డంలో ఉంది. అంజిగాడు తియ్యని మాటలు చెప్పి ఆ గడ్డం తీయించాడు. మహామాంత్రికుణ్ణి గెలిచిన ఆయుధం ఏమిటి? మంగలికత్తి! తెలుగు ప్రేక్షకుడు మూడు తరాలుగా నవ్వుతున్నది ప్రతిమ మహిమను చూసి కాదు, ఈ మంగలికత్తిని చూసి.

మన ఇళ్ళలో ముసలమ్మలు చెప్పే సంజీవి కథలోనూ ఇదే రహస్యం. హనుమంతుడు పర్వతాన్ని ఎందుకు పెకలించాడు? మూలిక ఏదో పోల్చుకోలేక! బలవంతుడి తెలియనితనం చూసి పిల్లలు పకపకా నవ్వుతారు, నవ్వి ప్రేమిస్తారు. నవ్వటానికి తావివ్వని బలవంతుణ్ణి ఎవరూ ప్రేమించరు; నమస్కరించి పక్కకు తప్పుకుంటారు.

తెర సంగతి ఇలా ఉండగా, చెవికి వినిపించే కథల సంగతి ఇంకా విశేషమైనది. అక్కడ వ్యాపారి వాదం పూర్తిగా వీగిపోతుంది. శబ్దానికి కొండ బరువు చూపించే శక్తి లేదు. కోట్లు పెట్టి కొనదగిన బొమ్మలూ లేవు. అయినా అమెరికాలో "సూపర్ మ్యాన్" రేడియో ధారావాహిక 1940 నుంచి 1951 దాకా నడిచింది. దేనితో? గొంతుతో. బడ్ కాలియర్ అనే నటుడు పిరికి విలేకరి క్లార్క్ కెంట్‌గా సన్నగా మాట్లాడుతూ, వాక్యం మధ్యలోనే గొంతు దించి సూపర్ మ్యాన్ అయ్యేవాడు. పిల్లలు ఎదురుచూసింది ఆ క్షణం కోసం. ఇంకొక ముఖ్యమైన సంగతి: సూపర్ మ్యాన్‌ను నీరసింపజేసే క్రిప్టోనైట్ అనే రాయి పుట్టింది కూడా బొమ్మల పుస్తకంలో కాదు, 1943లో ఆ రేడియోలోనే. వినే కథకు బలం కన్న బలహీనత అవసరం. భయం వినిపిస్తుంది, నిరీక్షణ వినిపిస్తుంది, ఊపిరాడకపోవటం వినిపిస్తుంది. కండ వినిపించదు.

అదే రేడియో 1946లో కూ క్లక్స్ క్లాన్‌ను పోలిన జాత్యహంకారుల ముఠాను శత్రువుగా నిలిపి, ఒక చైనా కుటుంబం పక్షాన సూపర్ మ్యాన్‌ను నిలబెట్టింది. శత్రువు వీధిలో తెలిసినవాడైతే కథ పదునెక్కుతుందని ఆ రచయితలకు తెలుసు. ఎక్కడి గ్రహాంతరవాసినో చంపటంలో ఆ పదును రాదు.

గొంతులో గొంతు దాగటమనే ఈ రసం మనకూ కొత్త కాదు. 1957 నాటి "మాయాబజార్"లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్ళిపాట పాడుతుంటే, సుశీల గొంతులోంచి ఉన్నట్టుండి ఘంటసాల గొంతు బయటపడుతుంది. కళ్ళు మూసుకు విన్నా నవ్వు వస్తుంది. మహాకాయుడు ఆడపిల్ల ఒంట్లో ఒదగలేక పడే అవస్థ అది. బుర్రకథ సంగతి సరేసరి. నడుమ కథకుడు వీరుణ్ణి ఆకాశానికెత్తుతాడు. పక్కనున్న హాస్యగాడు వాణ్ణి నేలకు దించుతాడు. ఇంకో పక్కవాడు లోకం సంగతి, దొరల సంగతి అందుకుంటాడు. 1940లలో ప్రజానాట్యమండలి చేతిలో, నాజరు గొంతులో ఆ కళ ఊళ్ళకు ఊళ్ళను తెల్లవార్లూ కూర్చోబెట్టింది. వీరుణ్ణి ప్రశ్నించేవాడు పక్కన ఉన్నప్పుడే వీరగాథ రక్తి కడుతుందనటానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ పెనుగులాట జనాన్ని ఎందుకింతగా పట్టుకుంటుంది? మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సందులలో తిరిగి చూడండి. జిల్లాల నుంచి వచ్చిన యువతీయువకులు ఇరుకు హాస్టల్ గదులలో ఉంటూ, అప్పు చేసి ఫీజు కట్టి, ఇంగ్లీషు రానందుకు, ఉద్యోగం రానందుకు రోజుకొకరి ముందు తలవంచుకుంటున్నారు. అవమానం మింగి ఊరుకోవలసిన మనిషికి, ఇక మింగనక్కరలేని ఒక్క రోజు ఎలా ఉంటుందో ఈ కథ చూపిస్తుంది. ఆ ఆనందంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అది మత్తు కాదు, ఆకలి. ఆకలిని తిట్టేవాడు అభ్యుదయవాది ఎలా అవుతాడు?

ఆకలిని తిట్టరాదు గాని, దానికి పెడుతున్న తిండిని పరీక్షించి తీరాలి. మోసం అక్కడే ఉంది. బలం ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నకు ఈ కథలు చెప్పే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: పుట్టుక, దేవుడు, వారసత్వం. 1980లో రామారావు నటించిన "సూపర్ మ్యాన్"లో ఆంజనేయుడి వరం. "హను-మాన్"లోనూ చివరికి వచ్చేసరికి కథ బరువు ఊరి మీద నుంచి దేవుడి మీదికి జరిగిపోతుంది. అమీర్‌పేటలో రైలెక్కి పంజాగుట్టలో దిగేలోగా కుర్రవాళ్ళు చెవులకు తగిలించుకుని వినే ఫోను ధారావాహికలు ఇంకా ఒక మెట్టు దిగాయి. అందరూ ఈసడించిన పేదవాడు కోటీశ్వరుడి వారసుడని తేలటం వాటిలో అరిగిపోయిన మలుపు. ఉత్కంఠ రగిలిన చోట భాగం ఆపి, తరువాతి భాగానికి నాణేలు కొనమంటారు. అవమానాన్ని వాయిదాల పద్ధతి మీద అమ్మటమంటే ఇదే.

ఈ కథలకూ, అమీర్‌పేట గోడల మీది ప్రకటనలకూ ఉన్న చుట్టరికం గమనించండి. ర్యాంకు వచ్చినవాడి ముఖం ఆకాశమంత బొమ్మగా నిలుస్తుంది. అదీ సూపర్ హీరో చిత్రమే. నవ్వు లేదు, అంజిగాడు లేడు, అంతే. అది చెప్పే నీతి ఏమిటి? శక్తి కొందరిలో ఉంటుంది, గెలుస్తారు, ఓడినవాడిలో లేదు. ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయి, ఎందుకు లేవు అని అడగవలసిన కుర్రవాడు, ఆ శక్తి నాలో లేదని గది తలుపు వేసుకుంటున్నాడు. మన విమర్శ గురిపెట్టవలసింది ఇక్కడ. ఎగిరేవాడి అంగీ మీద కాదు.

వేరే జవాబు సాధ్యం కాదా? 1938లో సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు యువకులు సూపర్ మ్యాన్ హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. ఆ తొలి సంవత్సరపు కథలలోనే ఒకటి ఉంది. ప్రమాదకరమైన గనిలో కూలీ గాయపడ్డాడు. యజమానికి లెక్క లేదు. సూపర్ మ్యాన్ కూలీ వేషం వేసి, యజమానినీ అతని విందు అతిథులనూ ఆ గనిలోనే మట్టి కూలి చిక్కుకునేటట్టు చేస్తాడు. పట్టుబట్టల దొర పార పట్టి తవ్వుతాడు! చదువరికి ఆనందం ఎక్కడ? పారలో. యజమాని మనసు మారటం అనే ముగింపు అబద్ధమే, ఒప్పుకుంటాను. కాని ఆ పార నిజం.

అభ్యుదయ రచయితలకు నేను చెప్పేది ఇదే: ఈ రంగాన్ని వ్యాపారికి వదిలిపెట్టకండి. తెర మన చేతిలో లేదు, దానికి కోట్లు కావాలి. గొంతు మన చేతిలో ఉంది. మూడు గొంతులూ, ఒక తంబురా, ఒక ఫోను ఉంటే ధారావాహిక మొదలవుతుంది. ఒక ఊహ చేయండి. కొండను మోసుకొచ్చినవాడు పంజాగుట్టలో, నిమ్స్ ఆసుపత్రి దగ్గర దిగాడు. జిల్లాల నుంచి వచ్చిన రోగుల బంధువులు ఆ పరిసరాలలో కాచుకుని ఉన్నారు. మూలిక ఉంది, కొనే డబ్బు లేదు. కొండనెత్తగల చేతులకు ఆ బిల్లు లేవటం లేదు. ఇప్పుడతను ఏం చేస్తాడు? ఎవరిని పిలుస్తాడు? హాస్యగాడు ఏమని అడుగుతాడు?

ఈ ప్రశ్న దగ్గర శ్రోత చెవి రిక్కిస్తాడు. తన బలం చాలదని తెలిసిన బలవంతుడు పక్కవాళ్ళను కేకవేసే ఆ క్షణాన్ని వ్యాపారి రాయలేడు, రాస్తే అతని సరుకు చెడుతుంది. దాన్ని రాయవలసినది మనం.