టానిక్కుతో తీరే నీరసమేనా?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్ళు. నాలుగు నెలలుగా ఒకటే నీరసం. మేడమెట్లు ఎక్కితే ఆయాసం. ముఖం పాలిపోయింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 వచ్చింది. మూడు సీసాల టానిక్ తాగించినా గుణం లేదు. ఇంకా ఏం పెట్టమంటారు?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: ఏం పెట్టాలని కాదమ్మా, ఆ రక్తం ఎటు పోతోందని అడగాలి. మగవారికి కనీసం 13 గ్రాములు ఉండాలి. ఆడవారికి నెలసరిలో, కాన్పుల్లో రక్తం పోతుంది. మగవారికి ఆ దారి లేదు. తిండి సరిగా తినే మనిషికి ఇంత తగ్గిందంటే కడుపులోనో పేగుల్లోనో చుక్కచుక్కగా కారుతోందేమోనని ముందు అనుమానించాలి. కడుపులో పుండు, మొలలు, కొంకిపురుగులు, మోకాళ్ళ నొప్పులకని రోజూ మింగే మాత్రలు, ఒక్కోసారి పెద్దపేగు క్యాన్సర్ - ఏదైనా కావచ్చు. క్యాన్సరైనా తొలిదశలో దొరికితే చాలామందికి నయమవుతుంది. కారణం చూడకుండా టానిక్ పోయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే.

విరేచనం తారులా నల్లగా అవుతోందేమో ఆయన్నే అడగండి. మొహమాటపడతారు, అయినా అడగండి. ఐరన్ మందుకూ నల్లబడుతుంది కనుక ఆ టానిక్ సంగతి డాక్టరుకు చెప్పండి. మలపరీక్ష, ఫెర్రిటిన్, శాకాహారులైతే తప్పక బి12, అవసరమంటే ఎండోస్కోపీ చేయించండి.

ఐరన్ మాత్రలు రాస్తే కాఫీ, టీలతో వేయవద్దు. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా మరో మూడు నెలలు వాడవలసి ఉంటుంది.

చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటిమీద ఎర్రని చుక్కలు, వదలని జ్వరం కనిపిస్తే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కూడా పడిపోయాయేమో. కూర్చున్నా ఆయాసపడుతున్నా అంతే. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.