చీకటి పడేలోగా చెక్క పడాలి

విశాఖ నగర వ్యాపారులకు, భవన యజమానులకు, కొట్లలో పనిచేసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక విన్నపం

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తేదీ ఈ ఊళ్ళో ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను మన నెత్తిమీదుగానే తీరం దాటింది. మధ్యాహ్నం దాకా ఒక దిక్కు నుంచి కొట్టిన గాలి, తుఫాను కన్ను దాటుతున్నప్పుడు కాసేపు తెరిపిచ్చి, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. సాయంత్రం బయటికొచ్చినవాళ్ళకు కంటికంటే ముందు కాళ్ళకే సంగతి తెలిసింది. ఎక్కడ అడుగేసినా గాజు పెంకులే. సిరిపురం, ఆశీల్‌మెట్ట, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ వీధుల్లో నిన్నటిదాకా తళతళలాడిన అద్దాల ముఖాలెన్నో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

మాలో ఒకరిది బట్టల కొట్టు. ముందువైపు నిలువెత్తు గాజు మొత్తం రాలిపోయింది. దీపావళికి రెండు వారాలు కూడా లేవు. పండగ సరుకంతా లోపలే ఉంది. నాలుగు చెక్కలు తెచ్చి అడ్డం కొట్టిద్దామంటే, కలప డిపోకు వెళ్ళే దారి నిండా చెట్లు పడి ఉన్నాయి. వడ్రంగిని పిలుద్దామంటే ఫోన్లు మూగబోయాయి. ఎలాగో ఒక డ్రిల్లు దొరికింది గానీ, దాన్ని తిప్పడానికి కరెంటు లేదు. చివరికి పాత ఫ్లెక్సీ ఒకటి తాళ్ళతో కట్టి, బల్లలు అడ్డం పెట్టి, ఇద్దరు కుర్రాళ్ళు టార్చి లైటుతో తెల్లవార్లూ కాపలా కూర్చున్నారు. గాలికి తట్టుకున్న తానులు కూడా ఆ రాత్రి జల్లుకు తడిసిపోయాయి.

గాజును పగలగొట్టింది గాలి. దాన్ని మనం ఆపలేం. కానీ తానులను తడిపింది మన సిద్ధపడనితనం. దాన్ని ఆపగలం. ఈ కరపత్రం ఆ రెండో దాని గురించే.

మేము కోరేది ఒక్కటే

ప్రతి వ్యాపార వీధీ తనకంటూ కొంత ప్లైవుడ్‌ను ముందే కొలిచి, కోసి, అంకెలు వేసి సిద్ధంగా ఉంచుకోవాలి. గాజు పగిలిన రోజే, చీకటి పడేలోగా, ఆ చెక్క కొట్టు ముందు పడాలి. ఎవరి కొట్టుకు వాళ్ళు విడిగా కాదు, వీధి మొత్తానికి ఉమ్మడిగా.

ఇది మన తాతలు చేసిందే

పాత ఊళ్ళో కొట్లు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాటికి రెక్కల తలుపులు ఉండేవి కావు, పలకల తలుపులు ఉండేవి. గడపలో ఒక గాడి, పైన దూలంలో ఒక గాడి. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు పలకలు ఒక్కొక్కటే ఆ గాడిలోకి జరిపి, చివరి పలక మీదుగా ఇనప పట్టీ వేసి తాళం బిగించేవారు. ప్రతి పలక మీదా ఒక అంకె ఉండేది. మూడో పలక నాలుగో దాని చోట పట్టదు. కొత్తగా చేరిన కుర్రాడు లెక్కలకంటే ముందు ఆ వరస నేర్చుకునేవాడు.

తర్వాత రోలింగ్ షట్టర్లు వచ్చాయి, పలకలు పొయ్యిలోకి పోయాయి. ఆ తర్వాత గ్లాస్ ఎలివేషన్లు వచ్చాయి, చాలాచోట్ల షట్టర్లూ పోయాయి. కొట్టు అందం పెరిగింది. దాని మీద గాలికి పట్టు కూడా పెరిగింది. ఇప్పుడు మేము అడుగుతున్నది పలకలను రోజూ వాడమని కాదు. ఆ అంకెల తెలివిని మాత్రం వెనక్కి తెచ్చుకుందామని.

గాలి ఎంత బరువు?

భవనాల మీద గాలి ఒత్తిడికి మన దేశంలో ఒక ప్రమాణం ఉంది: ఐఎస్ 875, మూడో భాగం. అందులో విశాఖకు ఇచ్చిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ తీరం దాటినప్పటి గాలివేగం కూడా ఇంచుమించు అంతే. అంటే అది ఎవరూ ఊహించని గాలి కాదు. ఇంజనీర్ల పుస్తకంలో మన ఊరి పేరు పక్కన ముందే రాసి ఉన్న గాలి.

ఆ ప్రమాణం చెప్పే సూత్రం ప్రకారం అంత వేగం దగ్గర చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక ప్లైవుడ్ షీటంత గాజు మీద లెక్కేస్తే నాలుగున్నర క్వింటాళ్ళు. తొమ్మిది బియ్యం బస్తాలను ఒక్కసారిగా గాజుకు ఆనించినట్టు. అందుకే అద్దం మీద ఇంటూ గుర్తులా టేపు అంటించడం వల్ల ఒరిగేదేమీ లేదు. టేపు గాజుకు బలమివ్వదు. పగిలినప్పుడు పెంకులు ఒకదానికొకటి అంటుకుని పెద్ద ముక్కలుగా మీద పడే ప్రమాదం కూడా ఉంది.

ఇంకో సంగతి. ఎదురుగాలి వైపు అద్దం పగలగానే గాలి లోపలికి చొరబడి, బయటికి పోయే దారి కోసం మిగతా అద్దాలనూ పైకప్పునూ లోపలి నుంచి తోస్తుంది. రేకుల కప్పు లేచిపోయేది చాలాసార్లు ఇలాగే. కాబట్టి ముందువైపు మూయడమంటే సరుకును కాపాడుకోవడమే కాదు, కప్పును నిలబెట్టుకోవడం కూడా.

ఎలా చేయాలి

1. కొలత ముందే తీయండి. పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న ముఖానికి మూడు షీట్లు సరిపోతాయి. అంచులు నాలుగు వైపులా గోడ మీదికి నాలుగంగుళాలైనా రావాలంటే, కోత మిగులు చూసుకుని ఇంకొకటి కలపండి.

2. మందం 18 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. నీటికి తట్టుకునే రకమే తీసుకోండి. సెంట్రింగ్ పనికి వాడే ప్లైవుడ్ అయినా సరిపోతుంది. ఒక షీటు ముప్పై కిలోల పైచిలుకు తూగుతుంది, కాబట్టి ఇద్దరు మోయాలి. వెనక రెండడుగులకొక రీపరు ఉండాలి. లేకపోతే షీటు మధ్యలో బొజ్జ పడుతుంది.

3. బోల్టు పట్టాల్సింది కాంక్రీటులో, లేదా గట్టి ఇటుక గోడలో. గాజును పట్టుకున్న అల్యూమినియం ఫ్రేముకు కొడితే ఫ్రేముతో సహా ఊడి వస్తుంది.

4. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. తుఫాను రోజు కరెంటు ఉండదు. అందుకే రంధ్రాలు ముందే వేయించి, గోడలో ఫాస్టనర్లు ముందే దింపించి, వాటి నోట్లో దుమ్ము పోకుండా బిరడాలు పెట్టించండి. అప్పుడు ఆ సాయంత్రం కావాల్సింది ఒక పానా, ఇద్దరు మనుషులు. అంతే.

5. ప్రతి షీటు మీదా కొట్టు నంబరు, వరస నంబరు, పైకి ఉండాల్సిన వైపు బాణం గుర్తు పెయింటుతో రాయండి.

6. షీట్లను నేలకు ఆనించకుండా దిమ్మెల మీద పడుకోబెట్టి దాచండి. చెదలు, చెమ్మ చెక్కకు తుఫానుకంటే పెద్ద శత్రువులు. ఏటా సెప్టెంబరులో ఒకసారి దించి చూడండి.

ఇక గాజు పగిలిపోయాక చేసే పనికీ ఒక వరస ఉంది. మొదట మెయిన్ స్విచ్ ఆపాలి. చెప్పులతో కాదు, బూట్లతో, మందపాటి చేతి తొడుగులతో వెళ్ళాలి. ఫ్రేములో వేలాడుతున్న ముక్కలను పైనుంచి కిందికి దించాలి. స్తంభం పగులు ఇచ్చినా, కప్పు కుంగినా చెక్క జోలికి పోకండి, ఇంజనీరు వచ్చేదాకా బయటే ఉండండి. అంతా సవ్యంగా ఉంటే ముందు ఫోటోలు, వీడియో తీసి, అప్పుడు చెక్క బిగించండి. ఒక మనిషి పట్టేంత తలుపు, దానికో తాళం ఉంచండి. పైన జానెడు గాలి సందు వదలండి, లేకపోతే తడిసిన సరుకు లోపలే బూజు పడుతుంది. మేడ మీదివాళ్ళు దిగే మెట్లదారిని మాత్రం ఏ పరిస్థితిలోనూ మూయకూడదు.

వినబడే మాటలు, మా జవాబులు

*“మాకు షట్టర్ ఉంది.”* సంతోషం. కానీ వెడల్పాటి షట్టరు గాలికి ఉబ్బి, పక్క గాడుల్లోంచి ఊడి వస్తుంది. ఒకసారి వంగిన షట్టరు కిందికీ దిగదు, పైకీ లేవదు. దానికి లోపలివైపు నుంచి అడ్డబద్దలు పెట్టే ఏర్పాటైనా చేసుకోండి.

*“మాకు ఇన్సూరెన్స్ ఉంది.”* పాలసీ తీసి చదవండి. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు. తుఫాను వంటి నష్టం జరిగాక, దానివల్ల జరిగిన దొంగతనానికి కూడా అందులో రక్షణ ఉంది, కానీ ఏడు రోజులే. ఎనిమిదో రోజు పోయిన సరుకు నష్టం మీదే. పైగా నష్టం పెరగకుండా మీరు తగిన జాగ్రత్త తీసుకున్నారా అని సర్వేయరు అడుగుతాడు. చెక్క బిగించిన ఫోటో, దాని బిల్లు ఆ ప్రశ్నకు జవాబు. అన్నిటికీ మించి, బీమా డబ్బు ఎప్పుడో వస్తుంది. పండగ బేరం మాత్రం తిరిగి రాదు.

*“తుఫాను ఎప్పుడో గాని రాదు కదా.”* హుద్‌హుద్ వచ్చి వెళ్ళిన నాలుగేళ్ళకే, 2018 అక్టోబరు 11న, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా మీద పడిన దెబ్బ మన మీద పడకపోవడం మన గొప్పతనం కాదు. అయినా చెక్క తుఫానుకు మాత్రమే కాదు. బ్రేకు పడని లారీ కొట్టులోకి దూసుకొచ్చినా, షార్ట్ సర్క్యూట్‌తో ముందుభాగం కాలిపోయినా, రాత్రి ఎవరో అద్దం పగలగొట్టినా అవసరం ఇదే.

*“పక్క కొట్టువాడికి నా డబ్బుతో ఎందుకు?”* ఎందుకంటే అన్ని కొట్లూ ఒకేసారి పగలవు. యాభై కొట్ల వీధిలో ఏ పదిహేనుకో చెక్క అవసరం పడుతుంది. ఏ పదిహేనో ముందు తెలియదు. యాభై మందీ విడివిడిగా కొంటే ఖర్చు ఎక్కువ, దాచడానికి చోటుండదు. కలిసి కొంటే ఒక్కొక్కరి వంతు చాలా తగ్గుతుంది. ముఖాల కొలతలు రెండు మూడు రకాలుగా కుదిరితే ఒకరి చెక్క ఇంకొకరికి పడుతుంది. తెరిచి ఉన్న ఒక్క కొట్టు వీధి మొత్తానికీ కాపలా బెడద.

ఇంకొకటి అందరం ఒప్పుకోవాలి. కొట్టు మూతపడితే ముందు నష్టపోయేది యజమాని కాదు, నెల జీతం మీద బతికే సేల్స్ అమ్మాయి, సరుకు మోసే కూలీ. సరుకు తడవకుండా మిగిలితే మూడో రోజున చెక్క తలుపు తీసి బల్ల బయట వేసుకునైనా అమ్మొచ్చు. వాళ్ళ జీతం ఆగదు.

నగరపాలక సంస్థను మేము అడిగేవి

ఒకటి: గ్లాస్ ఎలివేషన్ ఉన్న ప్రతి కొత్త వాణిజ్య భవనానికీ ప్లాన్ అనుమతి ఇచ్చేటప్పుడే, చెక్క బిగించే బోల్టు చోట్లు గోడలో చూపించాలన్న షరతు పెట్టాలి. పగిలినా ముక్కలు పొరకు అంటుకుని రాలిపోకుండా ఉండే లామినేటెడ్ గాజునే వీధి వైపు వాడించాలి.

రెండు: వీధి ఉమ్మడి చెక్కను దాచుకోవడానికి ప్రతి వాణిజ్య వార్డులోనూ ఒక గది, లేదా కమ్యూనిటీ హాలులో ఒక మూల ఇవ్వాలి.

మూడు: దెబ్బతిన్న కొట్టు ముందు తాత్కాలికంగా వేసిన చెక్కను మూడు నెలలపాటు ఆక్రమణగా లెక్కించకూడదు. ఆ గడువు దాటితే తీయించే అధికారమూ ఉంచుకోవాలి. తాత్కాలికం పేరుతో ఫుట్‌పాత్ శాశ్వతంగా మింగేవాళ్ళను మేమూ సమర్థించం.

నాలుగు: తుఫాను సీజనుకు ముందు ప్రతి మార్కెట్‌లోనూ అగ్నిమాపక సిబ్బందితో ఒక పూట సాధన జరిపించాలి. కొట్లలో పనిచేసేవాళ్ళే చెక్క బిగించడం నేర్చుకోవాలి, ఎందుకంటే ఆ సాయంత్రం వడ్రంగి తన ఇంటి కప్పు చూసుకుంటూ ఉంటాడు.

మనకు సమయం ఉంటుంది

మన ఊళ్ళోనే తుఫాను హెచ్చరిక కేంద్రం ఉంది. హుద్‌హుద్ అక్టోబరు 8నే అండమాన్ దగ్గర పేరు పెట్టుకుంది, మన దగ్గరికి నాలుగు రోజులకు వచ్చింది. నలభై ఎనిమిది గంటల ముందు అప్రమత్తత, ఇరవై నాలుగు గంటల ముందు హెచ్చరిక ఇచ్చే పద్ధతి వాతావరణ శాఖకు ఎప్పటి నుంచో ఉంది. చెక్క గదిలో ఉండి, బోల్టు గోడలో ఉంటే ఒక కొట్టు మూయడానికి గంట చాలు. అవి రెండూ లేకపోతే నాలుగు రోజులూ చాలవు. పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశాక ప్లైవుడ్ కోసం పరుగెత్తేవాడికి దొరికేది ఖాళీ డిపో, లేదా రెట్టింపు ధర.

అందుకే ఈ కరపత్రం వెనక వైపు ఏమీ అచ్చు వేయించలేదు. ఈ ఆదివారం టేపు తీసుకుని మీ కొట్టు ముఖం కొలవండి. వెడల్పు, ఎత్తు, గోడ ఇటుకదా కాంక్రీటుదా, మెట్లదారి ఏ వైపు – ఈ నాలుగూ అక్కడ రాసి, మీ వీధి చివర టీ కొట్టులో ఇవ్వండి. అన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కించి, మొదటి పలక మీద మొదటి అంకె మేము రాస్తాం.

— కొందరు విశాఖ చిరు వ్యాపారులు