అవసరమా? తొందరా?

తొర్రూరులో బస్సెక్కి ఉద్యోగానికి బెంగళూరు పోయే పిల్లలకు కన్నడం సగం వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఊరు, నీరు, కాలు... అక్కడా అవే మాటలు కదా! ఈ ధీమాతోనే చిక్కు.

కర్ణాటక రోడ్ల పక్కన ఓ హెచ్చరిక కనిపిస్తుంటుంది: ‘అవసరవే అపఘాతక్కె కారణ’. మనం చదివితే ‘అవసరమే యాక్సిడెంట్‌కు కారణం’ అని. అవసరం లేకుండా రోడ్డెక్కేదెవరు? అసలు సంగతేంటంటే, కన్నడంలో ‘అవసర’ అంటే తొందర.

తమిళంలోనూ అంతే. చెన్నైలో రూమ్మేట్ ‘అవసరం’ అని మెసేజ్ పెట్టిందనుకోండి. ‘ఏదో కావాలట, సాయంత్రం చూద్దాంలే’ అని ఫోన్ పక్కన పెట్టేయకండి, వెంటనే కాల్ చేయండి. అక్కడి ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీ వార్డును ‘అవసర సిగిచ్చై పిరివు’ అనే అంటారు. ‘అవసరపడాదే’ అంటే తొందరపడకు అని. కావాలి అనడానికి తమిళంలో ‘వేణుం’, కన్నడంలో ‘బేకు’. ఈ రెండూ గుర్తుంటే చాలా పనులు నడుస్తాయి.

ఇక మలయాళం, హిందీల్లోకి పోతే ఇదే మాటకు అర్థం అవకాశం! సంస్కృతంలో ‘అవసర’ అంటే తగిన సమయం, సందర్భం. ఆ రెండు భాషలూ దాదాపు అక్కడే ఉండిపోయాయి. సమయం జారిపోతుంటే తొందర పుడుతుంది, తమిళ కన్నడాలు పట్టింది ఆ దారే అయ్యుండాలి. ఆ సమయానికి ఏది కావాలో అది మన అవసరమైంది. ‘అవసరానికి ఆదుకున్నాడు’ అన్నప్పుడు పాత ‘సమయం’ ఇంకా వినిపిస్తూనే ఉంది చూడండి.

ఇది మన దగ్గరి వింతే కాదు. నార్వే, స్వీడన్ భాషలు అక్కాచెల్లెళ్లు. ‘రోలిగ్’ అనే మాట రెంటిలోనూ ఉంది, పుట్టింది ‘ప్రశాంతత’ అనే అర్థమున్న ‘రో’ నుంచి. నార్వేవాళ్లు సినిమా ‘రోలిగ్’ అంటే నెమ్మదిగా, ప్రశాంతంగా ఉందని. స్వీడన్‌వాళ్లంటే పొట్ట చెక్కలయ్యే కామెడీ అని!

అయినా తమిళులను చూసి నవ్వడానికి లేదు. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకో మాట వచ్చింది, ‘జరూరు’. ఉర్దూలో జరూరత్ అంటే అవసరం. మన తెలంగాణలో ‘జరూరు పనుంది’ అంటే మాత్రం అర్జంటు పని. ‘జరూరుగ రా’ అని ఇంటి నుంచి ఫోనొస్తే, ఏం కావాలో అడుగుతూ కూర్చోరు. ముందు బస్సెక్కుతారు.