కొండ పైదాకా ఎక్కకపోతే ఏమైంది?

"పిల్లలు కాస్త పెద్దవాళ్ళు కానీ, అప్పుడు తిరుగుదాం." ఈ మాట మా ఇంట్లో నాలుగేళ్ళు నడిచింది. బాబుకి ఆరేళ్ళు, పాపకి మూడున్నర వచ్చాక ఇంక ఆగలేక ఒక డిసెంబర్ ఆదివారం భువనగిరి కోటకి బయల్దేరాం. హైదరాబాదు నుంచి 50 కిలోమీటర్లే కదా అని.

నాలుగింటికే లేచి పులిహోర, పూరీలు, ఆలూ కూర, పెరుగన్నం అన్నీ చేసి సర్దాను. ఆ సర్దుడంతా అయ్యి కొండ కిందికి చేరేసరికి పదకొండు. భువనగిరి కొండ అంటే ఊరి పక్కన గుడ్డులా లేచిన ఒకే ఒక్క రాయి, 500 అడుగుల ఎత్తు. ఆ వేళకి ఎండ నెత్తి మీద, వేడి కాళ్ళ కింద. సగం దూరంలో పాప ఎత్తుకోమని కూలబడింది. మావారు దాన్ని భుజానికెత్తుకుని, "త్వరగా త్వరగా" అంటూ బాబుని తరిమారు. నున్నటి చోట వాడు జారాడు. మోకాలు చీరుకుపోయింది. అయినా పైదాకా వెళ్ళాం. ఫోటో కూడా ఉంది. అందులో మా నలుగురి మొహాలూ ఎవరో శిక్ష వేసి నిలబెట్టినట్టుంటాయి. పులిహోర కారులోనే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక అత్తయ్య, "చంటిపిల్లల్ని కొండలెక్కిస్తారా ఎవరైనా?" అన్నారు. అడిగింది నన్నే లెండి, వాళ్ళబ్బాయిని కాదు. దానికంటే, బాబు నెలరోజుల పాటు "కొండ వద్దు" అనడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అత్తయ్య అన్నట్టు తప్పు వయసుదని నేను ఒప్పుకోను. అన్నం తినిపించేటప్పుడు "ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద" అంటూ కంచం ఖాళీ అయ్యేదాకా వదలం చూడండి, కొండ దగ్గరా అదే చేశాం. మావారైతే మాలావత్ పూర్ణ సంగతి చెప్పి వాడిని హుషారు చెయ్యబోయారు. నిజమే, ఆ అమ్మాయి ఈ కొండ మీదే శిక్షణ తీసుకుని 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండా ఎవరెస్టు ఎక్కింది. కానీ తాళ్ళతో, నేర్పేవాళ్ళతో మెల్లగా సాధన చేసి వెళ్ళింది. ఆరేళ్ళప్పుడు చెయ్యి పట్టి ఎవరూ ఈడ్చుకెళ్ళలేదు.

ఏడాది తర్వాత, చలికాలంలోనే మళ్ళీ వెళ్ళాం. వంట చెయ్యలేదు. బ్రెడ్డు, అరటిపళ్ళు, పల్లీ చిక్కీ, నీళ్ళు, అంతే. పిక్నిక్ పేరుతో వంటగదిని మోసుకెళ్ళే పని ఇక నావల్ల కాదని ముందే చెప్పేశాను. ఆరింటికే బయల్దేరాం. ఇంట్లోనే ఒక ఒప్పందం: నలుగురిలో ఎవరు ముందు "చాలు" అంటే పిల్లల ప్రయాణం అక్కడితో ఆగాలి. మావారు మొహం మాడ్చుకునే ఒప్పుకున్నారు. ఏటవాలు చోట మాత్రం పెద్దవాళ్ళ చెయ్యి వదలకూడదు, అందులో బేరాల్లేవు.

మొదటి ద్వారం దగ్గరే గంట పట్టింది. పాప కిందపడ్డ చిక్కీ ముక్కని చీమలు లాక్కెళ్తుంటే వాటి వెనకే ఒంగుని నడిచింది. కోట కట్టించింది చాళుక్య రాజు త్రిభువనమల్లుడని, ఊరి పేరూ ఆయన మీదే వచ్చిందని మావారు చెప్తుంటే, బాబుకి అవేం పట్టలేదు. దారి ఎందుకు వంకర తిరిగిందని అడిగాడు. శత్రువుల ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపు గుద్దకుండా కోటల్లో అలా కడతారని చెప్పగానే వాడే ఏనుగైపోయాడు. ఇంకాస్త ఎక్కాక పాప "చాలు" అంది. అక్కడే గోడ నీడలో కూర్చున్నాం.

అప్పుడు మావారే అన్నారు, "నేను పిల్లల్ని చూస్తాను, నువ్వు వెళ్ళిరా" అని.

సంచీ లేదు, చంకలో బిడ్డ లేదు. పెళ్ళయ్యాక ఒక కొండ మీద నేనొక్కదాన్నే నడవడం అదే మొదటిసారి. పైన గాలికి చున్నీ ఎగిరిపోతుంటే పదినిమిషాలు ఊరికే నిలబడ్డాను. ఫోటో తీసుకోవాలని కూడా తోచలేదు. నేను దిగాక ఆయన వెళ్ళొచ్చారు.

నన్ను చూడగానే బాబు, "పైన ఏముందమ్మా?" అన్నాడు.

"పోయినసారి చూశావుగా నాన్నా!"

"నాకేం గుర్తులేదు" అన్నాడు, ఏనుగులా తల ఊపుతూ.